గాల్లోనే ఆరిపోతే బొమ్మకేం అంటుతుంది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కూకట్‌పల్లి, అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. ఆఫీసు స్నేహితులం ఆరుగురం శనివారాలు కూర్చుని బోర్డ్ గేమ్స్, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఆటలో వాడే చిన్న బొమ్మలకు రంగులేసే పని నాది. ఇన్నాళ్లూ ప్రైమర్, అంటే రంగుల కన్నా ముందు వేసే పూత, కుంచెతోనే పూసేదాన్ని. ఉగాదికి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది), దానికి గాలి పంపే చిన్న కంప్రెసర్ కొన్నాను. రంగు బయటికొచ్చే నాజిల్ కన్నం 0.3 మిల్లీమీటర్లు. ప్రైమర్ వలేహో కంపెనీది. కొన్ని బొమ్మలు ఉప్పు కాగితంలా గరుకుగా వచ్చాయి. కొన్నిటికి ప్రైమర్ ఎక్కువై ముక్కూ కళ్లూ పూడిపోయాయి. రెండు నిమిషాలకోసారి నాజిల్ మూసుకుపోతోంది. రెజిన్ ప్రింట్లు (3డీ ప్రింటర్‌లో ద్రవ రెజిన్‌తో చేసిన బొమ్మలు) కడగడానికి తెచ్చిన ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఇంట్లో ఉంటే, పల్చబడుతుందని కొంచెం కలిపాను. ఏం మారలేదు. పైగా స్నేహితుడు ప్రింట్ చేసిచ్చిన బొమ్మ మీద రంగులన్నీ పూర్తయ్యాక గోరు తగిలి ప్రైమర్‌తో సహా పొర లేచొచ్చింది. యూట్యూబ్‌లో కింద నలుపు, పైన తెలుపు కొడుతున్నారు, అది తప్పనిసరా? కంప్రెసర్ మోతకి అత్తయ్య విసుక్కుంటున్నారు. ఒక పెద్ద డ్రాగన్ ఉంది, దాని జోలికి వెళ్లాలంటేనే టెన్షన్. ఇదంతా అమ్మేసి మళ్లీ కుంచె పట్టుకోనా?
- పేరు వద్దు, కూకట్‌పల్లి

సమాధానం: అమ్మకండమ్మా. అమ్మినా సగం ధర రాదు. పైగా తప్పు మీ ఎయిర్‌బ్రష్‌ది కాదు.

మీరు రాసినవాటిలో గరుకుదనం, నాజిల్ మూసుకుపోవడం, ముఖాలు పూడిపోవడం మూడు రోగాల్లా కనిపిస్తున్నాయి గానీ మూడింటికీ వేరు ఒకటే. రంగు ఆరకూడని చోట ఆరుతోంది. ప్రైమర్ ఆరాల్సింది బొమ్మ మీద. మీకు నాజిల్ లోపలి సూది కొన మీద కొంత ఆరుతోంది, అందుకే మూసుకుపోతోంది. దారిలో గాల్లో కొంత ఆరుతోంది, అది బొమ్మ మీద పడేసరికి రంగు కాదు, దుమ్ము. అందుకే గరుకు. ఆ గరుకు చూసి మీరు విసుగెత్తి దగ్గరికెళ్లి, ట్రిగ్గర్ బాగా వెనక్కి లాగి ఉంటారు. అప్పుడు ఒక్కసారిగా వరద. ముఖాలు పూడిపోయింది అందుకే అనుకుంటున్నాను. పొర లేచొచ్చిన సంగతి మాత్రం వేరే కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ ఐపీఏ సంగతి. అది కలిపిన ప్రైమర్ ఇంకా మిగిలి ఉంటే పారేయండి. వలేహో లాంటి నీళ్ల ఆధారిత అక్రిలిక్‌లకు ఆల్కహాల్ పడదు. పాలలో నిమ్మరసం పిండినట్టే. పల్చబడినట్టు కనిపిస్తుంది గానీ లోపల బంక పలుకులు పలుకులుగా విరుగుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక మూతలో రెండు చుక్కల ప్రైమర్, రెండు చుక్కల ఐపీఏ వేసి టూత్‌పిక్‌తో తిప్పి చూడండి. పుల్లకి జిగురు తీగలు చుట్టుకుంటాయి. 0.3 మిల్లీమీటర్ల కన్నంలోంచి ఆ తీగలు వెళ్లాలని మీరు అడుగుతున్నారు. అన్ని రంగులకూ ఇలా కాదు, ఆల్కహాల్‌తో చక్కగా కలిసే రంగులూ ఉన్నాయి, టమియా కంపెనీ అక్రిలిక్‌లు అలాంటివే. అందుకే యూట్యూబ్‌లో ఒకాయన ఐపీఏ కలిపితే బాగానే వచ్చింది, మనకు రాలేదు. ఆయన ఏ సీసాలోంచి పోస్తున్నాడో చూడాలి.

మీ దగ్గరున్న ప్రైమర్ అసలు ఎయిర్‌బ్రష్‌లో నేరుగా పోసుకోవడానికి తయారుచేసిందే. చిక్కగా అనిపిస్తే అదే కంపెనీ ఎయిర్‌బ్రష్ థిన్నర్, పది చుక్కల ప్రైమర్‌కి ఒకటి రెండు చుక్కలు. ఎండాకాలంలో ఫ్లో ఇంప్రూవర్, అంటే రంగు త్వరగా ఆరకుండా సాఫీగా పారేలా చేసే ద్రవం, ఇంకో చుక్క. నీళ్లు మాత్రం వద్దు. నీళ్లు ఎక్కువైతే ప్రైమర్‌లో పట్టు తగ్గిపోయి, తామరాకు మీద నీళ్లలా బొమ్మ మీద గుండ్లు గుండ్లుగా నిలబడుతుంది. ఇంకో మాట. సీసాను ఎంతసేపు ఊపుతున్నారు? నాలుగు ఊపులు చాలవు. గడియారం చూసి రెండు నిమిషాలు. అడుగున చేరిన రంగుపొడి కలవకపోతే పైన తేరిన బంకే మీరు కప్పులో పోస్తారు.

ఇక ఎండ. మీ ఉత్తరం మేలో వచ్చింది. మీరు ఏ టైంలో ప్రైమర్ వేస్తున్నారో రాయలేదు గానీ ఊహించగలను. ఆదివారం భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, సీలింగ్ ఫ్యాను ఐదు మీద. అవునా? బయట 40 దాటిన మధ్యాహ్నం డాబా మీద ఆరేసిన జీన్స్ ప్యాంటే గంటలో ఆరిపోతుంది. ఎయిర్‌బ్రష్ ముక్కులోంచి వచ్చే బిందువు కంటికి కనిపించనంత చిన్నది. దానికి ఆరడానికి ఎంతసేపు పడుతుంది? ఫ్యాను గాలి తగిలితే ఇంకా తొందర. మేలో నేను పొద్దున ఆరింటికి వేస్తాను, లేదా రాత్రి ఎనిమిది దాటాక. కొడుతున్నంతసేపూ ఫ్యాను బంద్. చెమట పట్టనీయండి, పది నిమిషాల పనే. మా హాల్లో పాత ఎయిర్ కూలర్ ఉంది. దాని తడికి గదిలో గాలి కాస్త చెమ్మగా ఉంటుంది కాబట్టి అదే హాల్లో, కూలర్ గాలి నేరుగా తగలని మూలలో కూర్చుంటాను. ఏసీ గదిలో మాత్రం గాలి పొడిగా ఉంటుంది. మనకు హాయిగా ఉంటుంది, సూది కొనకు కాదు.

ఇప్పుడు దూరం. ఇక్కడే చాలామంది స్ప్రే డబ్బా అలవాటుతో దెబ్బతింటారు. డబ్బాతో కొట్టేటప్పుడు బొమ్మకు జానెడు దూరం ఉండాలి. ఎయిర్‌బ్రష్‌కి జానెడు కాదు, బెత్తెడు. మీ అరచేతిని అడ్డంగా పెట్టి చూసుకోండి, ఏడెనిమిది సెంటీమీటర్లు. జానెడు దూరం నుంచి కొడితే మన ఎండలో సగం రంగు దారిలోనే పొడైపోతుంది. అలాగని రెండు వేళ్ల దూరానికి వెళ్లారా, గాలి తోసిన తోపుకి తడి ప్రైమర్ సాలీడు కాళ్లలా అన్ని వైపులా పాకుతుంది.

ప్రెషర్ 20 నుంచి 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య. అయితే ప్రెషర్ సరిచేసే రెగ్యులేటర్ తిప్పేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి, గాలి పోతుండగా ముల్లు చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 25 చూపించే మీటరు, ట్రిగ్గర్ నొక్కగానే 18కో 15కో పడిపోతుంది. మీరు 25 అనుకుంటూ 15తో కొడుతున్నారంటే ప్రైమర్ పొగలా రావడం మానేసి తుంపర్లు తుంపర్లుగా ఉమ్ముతుంది.

చెయ్యి తిప్పడం ఎలాగో నేను యూట్యూబ్‌లో నేర్చుకోలేదు. వినాయక చవితికి ముందు ధూల్‌పేట వైపు వెళ్లారా ఎప్పుడైనా? గల్లీల నిండా విగ్రహాలు, టార్పాలిన్ల కింద కంప్రెసర్లు, స్ప్రే గన్నులు. ఒకసారి పని మీద అటు వెళ్లి గంటసేపు ఒక చోట నిలబడిపోయాను. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన నిలువెత్తు విగ్రహానికి రంగు కొడుతున్నాడు. ఆయన చెయ్యి చూశాను. గన్ను విగ్రహానికి ఒక పక్క ఖాళీలో కదలడం మొదలవుతుంది, రంగు అక్కడే మొదలవుతుంది, విగ్రహం తొండం దాటి, చెవి దాటి, అటు పక్క ఖాళీలోకి వెళ్లాక ఆగుతుంది. విగ్రహం మీద ఎక్కడా గన్ను ఆగి నిలబడలేదు. ఎందుకలా అని అడిగితే ఆయన తలెత్తకుండా, "ఆగితే కారుతది సార్" అన్నాడు.

ఇరవై అడుగుల విగ్రహానికైనా మీ 32 మిల్లీమీటర్ల యోధుడికైనా అదే పద్ధతి. బొమ్మకు ఎడమ పక్క ఖాళీలో ట్రిగ్గర్ కిందికి నొక్కండి. అది గాలి. గాలి వస్తుండగా కొంచెం వెనక్కి లాగండి. అది రంగు. చెయ్యి కదులుతూనే బొమ్మ మీదుగా అటు పక్కకు వెళ్లాక ముందు రంగు ఆపండి, అంటే ట్రిగ్గర్‌ను ముందుకు తోయండి, ఆ తర్వాతే వేలెత్తి గాలి ఆపండి. ఈ వరస తప్పి, రంగు లాగి ఉండగానే గాలి ఆపేస్తే సూది కొన మీద ఒక చుక్క మిగిలిపోతుంది. తర్వాత మీరు నొక్కగానే ఆ చుక్క ఎగిరి సరిగ్గా ముఖం మీద పడుతుంది. ఎప్పుడూ ముఖం మీదే పడుతుంది, ఎందుకో తెలీదు.

బొమ్మ మీదికి వెళ్లే ముందు బిర్యానీ పార్శిల్‌తో వచ్చే ప్లాస్టిక్ చెంచాలు ఒక పది దాచుకోండి. చెంచా వీపు నున్నగా, గుండ్రంగా ఉంటుంది, బొమ్మ భుజం లాగా. సబ్బుతో కడిగి, ఆరాక, దీపానికి ఎదురుగా పట్టుకుని ఒక్కసారి ప్రైమర్ కొట్టి ఆగండి. దగ్గరగా చూడండి. చెంచా మీద సన్నటి తడి మెరుపు కనబడుతుంది, దీపం అందులో మసగ్గా తేలుతుంది. మూడు నాలుగు సెకన్లలో ఆ మెరుపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వెళ్లి మాయమవుతుంది, ఉపరితలం బోసిగా, సుద్ద పలకలా అయిపోతుంది. మీకు కావాల్సింది అదే. ప్రైమర్ పడిన క్షణంలో మెరుపు అసలు కనిపించలేదంటే గాల్లోనే ఆరిపోతోందన్నమాట. దగ్గరికి జరగండి, లేదా ఫ్లో ఇంప్రూవర్ ఇంకో చుక్క వేయండి. మెరుపు పదిహేను సెకన్లైనా పోకుండా దీపం అద్దంలోలా స్పష్టంగా కనిపిస్తోందంటే ఎక్కువైంది. ఆ రెండింటికీ మధ్య మీ చేతికి ఒక లెక్క కుదురుతుంది. నేను చెప్పే పీఎస్ఐలు, సెంటీమీటర్లు మర్చిపోయినా ఫరవాలేదు, ఆ మెరుపును మాత్రం చూస్తూ ఉండండి.

మొదటి పొరలోనే బొమ్మంతా కప్పేయాలని చూడకండి. కింద ప్లాస్టిక్ రంగు కాస్త కనిపిస్తున్నా వదిలేయండి. రెండు మూడు నిమిషాలాగి ఇంకో పొర, అవసరమైతే మూడోది. గోడలకు లప్పం పెట్టి నున్నగా చేయించుకోవడం అలవాటైన వాళ్లం కాబట్టి ప్రైమర్ అంటే కూడా పూడ్చేదనుకుంటాం. లప్పం గుంతలు పూడ్చాలి, ప్రైమర్ పూడ్చకూడదు. దానికి పని ఒకటే, కింద ప్లాస్టిక్‌ను, పైన రంగును పట్టుకోవడం. కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్లపొణికి కర్రతో చెక్కిన బొమ్మకు రంగుల కన్నా ముందు సున్నం పూత వేసేదీ ఇలాంటి పనికే. వాళ్లు అతుకుల దగ్గర చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు, అది వేరు, సున్నం వేరు. మీ రెజిన్ బొమ్మల్లో అతుకులు, గాట్లు ఉంటే అవి ప్రైమర్‌కి ముందే పుట్టీతో సరిచేసుకోవాలి. ఈ ప్రైమర్‌ను ఆరాక ఉప్పు కాగితంతో రుద్దితే నున్నబడదు, రబ్బరులా చిరిగి లేస్తుంది.

ఎప్పుడైనా చెయ్యి జారి ముఖం మీద ప్రైమర్ నిలిచిపోతే తుడవకండి. ట్రిగ్గర్ వెనక్కి లాగకుండా కేవలం కిందికి నొక్కి, ఒట్టి గాలితో ఊదండి. కళ్ల గుంటల్లో నిలిచిన మడుగు పక్కకు పాకి పల్చబడుతుంది. ఇంకో ఊరట. ఈ రకం ప్రైమర్ తడిగా ఉన్నప్పుడు అన్నీ మింగేసినట్టు కనిపించినా ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. తెల్లారి చూస్తే చొక్కా మడతలు మళ్లీ కనిపిస్తాయి. కాబట్టి రాత్రి పన్నెండింటికి బొమ్మ పాడైపోయిందని బాధపడకుండా పడుకోండి.

పాడైనవి బాగుపడతాయా అంటే, గరుకుగా వచ్చినవాటికి ఆశ ఉంది. ఆ పొడి గట్టిగా అంటుకుని ఉండదు కాబట్టి పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే రుద్దితే చాలావరకు రాలుతుంది. ఆపైన ఒక తడి పొర వేయండి. ముఖం పూడిపోయిన ప్లాస్టిక్ బొమ్మలను, మీరు తెచ్చి పెట్టుకున్న ఐపీఏ ఉందిగా, అందులో మూత పెట్టిన డబ్బాలో రాత్రంతా నానబెట్టి పొద్దున టూత్‌బ్రష్‌తో గీకండి. చూశారా, దానికీ ఒక పని దొరికింది. రెజిన్ ప్రింట్లను మాత్రం రాత్రంతా ఉంచకండి, మెత్తబడి పగుళ్లిస్తాయి. అరగంట నానబెట్టి తీసి చూసుకోండి.

ఇప్పుడు గోరు తగిలి లేచొచ్చిన బొమ్మ. అది రెజిన్ ప్రింట్ అన్నారు. ఐపీఏలో కడిగాక యూవీ (అతినీలలోహిత) లైటు కింద గట్టిపరిచారా, లేక నేరుగా ప్రైమర్ వేసేశారా? మీ స్నేహితుడిని అడగండి. రెజిన్ బొమ్మను వేలితో నొక్కితే కొంచెం జిడ్డుగా, బంకగా తగిలిందంటే అది ఇంకా పచ్చిదే. పచ్చి రెజిన్ మీద ఏ ప్రైమర్ నిలవదు. పైగా దాన్ని ఒట్టి చేతులతో పట్టుకోకూడదు, చర్మానికి పడదు, గ్లవ్స్ వేసుకోండి. యూవీ లైటు లేకపోయినా ఫరవాలేదు, మన హైదరాబాద్‌లో ఎండకు కొదవా? ఐపీఏ పూర్తిగా ఆరాక డాబా మీద తిప్పుతూ కాసేపు ఉంచితే గట్టిపడుతుంది. రోజంతా మర్చిపోతే మాత్రం పెళుసెక్కి కత్తులు, ఈటెలు పుటుక్కున విరుగుతాయి.

బోర్డ్ గేమ్ పెట్టెలో వచ్చే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలది ఇంకో ఇబ్బంది. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన నూనె వాటి మీద మిగిలి ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చటి నీళ్లు, టూత్‌బ్రష్‌తో మెత్తగా కడిగి రాత్రంతా ఆరనివ్వండి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు. మిర్చి బజ్జీ తిన్న చేత్తో అయితే అసలే వద్దు. టానిక్ సీసా మూతకు డబుల్ సైడ్ టేప్ వేసి బొమ్మను అంటించి, మూత పట్టుకుని తిప్పండి. ప్రైమర్ పైకి గంటలో ఆరినట్టే ఉంటుంది గానీ గట్టిపడేది 24 గంటలకు. మీరు అదే రోజు సాయంత్రం రంగులు మొదలుపెట్టి ఉంటే పొర లేవడంలో దానికీ వాటా ఉంటుంది. లోహపు బొమ్మలు వాడితే ఇంకా జాగ్రత్త, వాటి అంచుల మీద నీళ్ల ప్రైమర్ పట్టు అంతంతమాత్రమే, చివర్లో వార్నిష్ తప్పదు.

ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద నేనొకసారి కారు టచప్‌కి వాడే స్ప్రే డబ్బా కొట్టాను. చౌకగా దొరికిందని. మూడు నెలలైనా ఆరలేదు. ఆ ద్రావకం ప్లాస్టిక్‌తో కలిసిపోయి బంకబంకగా ఉండిపోయింది, ఎత్తినప్పుడల్లా నా వేలిముద్ర దాని వీపు మీద. దాన్ని వదిలించడానికి ఒక పెయింట్ల షాపులో అడిగితే ఎన్‌సీ థిన్నర్ వాడమన్నాడు. డెంటింగ్ పెయింటింగ్ వాళ్లు వాడేది. అందులో ముంచిన ఇంకో బొమ్మ, అది గట్టి ప్లాస్టిక్‌ది, పాకంలో పడ్డ బెల్లంముక్కలా కరిగి కత్తి తలకాయకు అతుక్కుపోయింది. బుద్ధి తక్కువ పని నాదే, షాపతనికి నేను కారు డోరు కాదు, బొమ్మ ముంచుతున్నానని తెలీదు కదా.

మిస్టర్ సర్ఫేసర్ లాంటి లాకర్ (ఘాటైన ద్రావకాలతో చేసిన) ప్రైమర్లు రెజిన్ మీద, లోహం మీద గోరుకు లొంగకుండా పట్టుకుంటాయి, నున్నదనమూ ఎక్కువే. ఎవరో ఒకరు మీకు చెబుతారు కాబట్టి ముందే అంటున్నా. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, ఇంట్లో పెద్దవాళ్లుండగా వద్దు. ఆ ఆవిరికి ఎన్95 మాస్కు అడ్డుకాదు, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జులున్న మాస్కు కావాలి. ఆవిరికి మంట అంటుకునే గుణం కూడా ఉంది, మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను ముందు కొట్టడం ప్రమాదం. మీ నీళ్ల ప్రైమర్‌కు ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. అలాగని మాస్కు లేకుండా కొట్టకండి. నీళ్లదైనా గాల్లో తేలే రంగుపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానికి ఎన్95 చాలు. ఒక పెద్ద అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, అందులో బొమ్మ పెట్టి కొడితే గోడలు, కర్టెన్లు బతుకుతాయి. బాల్కనీలో మాత్రం గాలి, దుమ్ము రెండూ పడతాయి. మాకు రోడ్డు మీద తవ్వకాలు జరిగిన ఏడాది నా బొమ్మలన్నీ యుద్ధభూమి నుంచి వచ్చినట్టే ఉండేవి. ఖర్చు లేకుండా వచ్చిన ఎఫెక్ట్.

శుభ్రం చేయడం గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అంటే చివర్లో నీళ్లు పోసి ఊదేసి పక్కన పెడుతున్నారని నా అనుమానం. నీళ్లలో కలిసే ప్రైమర్ ఒకసారి ఆరిందంటే ఇక నీళ్లకు లొంగదు. కొడుతున్నప్పుడు ప్రతి నాలుగైదు నిమిషాలకు ఒకసారి, థిన్నర్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో సూది కొనను మెల్లగా తుడవండి. మూసుకుపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పనయ్యాక మిగిలిన ప్రైమర్ పారబోసి, కప్పులో నీళ్లు పోసి ఊదండి. బోరు నీళ్లు వద్దు, కొళాయి మీద పేరుకునే తెల్లమరకే లోపలా పేరుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి తెచ్చుకోండి, చాలాకాలం వస్తుంది. తర్వాత ఎయిర్‌బ్రష్ క్లీనర్ కొంచెం పోసి, ముక్కుకు టిష్యూ అడ్డం పెట్టి గాలి నొక్కండి. గాలి వెనక్కి తన్ని కప్పులో బుడబుడమని బుడగలొస్తాయి, నాజిల్లో ఇరుక్కున్నది పైకి తేలుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా చేసి, చివరికి సూదిని వెనక నుంచి బయటికి లాగి, మొదలు నుంచి కొన వైపు తిప్పుతూ తుడవండి. కొన నుంచి మొదలు వైపు తుడిస్తే గుడ్డకు కొన పట్టుకుని వంగుతుంది. వంగిన సూదితో రంగు ఒక పక్కకే చిమ్ముతుంది.

నాజిల్‌ను వారానికోసారి విప్పితే చాలు. వడ్లగింజంత ఉంటుంది, చాలా ఎయిర్‌బ్రష్‌లకు మరలు కూడా సన్నవి, బలంగా బిగిస్తే లోపలే తెగిపోతుంది. నేను మొదటి ఏడాది దాన్ని వాష్‌బేసిన్ దగ్గర విప్పి కడిగాను. టక్కుమని ఒక చప్పుడు, అంతే. ప్లంబర్ వచ్చి కింద బాటిల్ ట్రాప్ విప్పి, ఆ బురదంతా మగ్గులో పోసి నాకిచ్చి, "ఏం పోయింది సార్, ఉంగరమా?" అన్నాడు. ఏం పోయిందో ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు. దొరకనూ లేదు. అప్పట్నుంచీ స్టీలు పళ్లెంలో పాత టవల్ పరిచి దాని మీదే విప్పుతాను.

0.3 నాజిల్ గురించి దిగులొద్దు, ప్రైమర్‌కి 0.4 లేదా 0.5 అయితే సుఖం గానీ 0.3తో పని జరుగుతుంది. మార్చాలనుకుంటే నాజిల్ ఒక్కటే కాదు, దానికి జతైన సూది కూడా మార్చాలి. ముందు థిన్నర్, టైం, దూరం సరిచేసుకోండి, ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే కొనొచ్చు.

మీ కంప్రెసర్‌కి ట్యాంకు ఉందో లేదో రాయలేదు. ట్యాంకు లేనివాటిలో చాలావాటికి ట్రిగ్గర్ నొక్కినంతసేపూ మోత ఆగదు. ఉన్నదైతే నిండాక కాసేపు ఊరుకుంటుంది. ఏదైనా సగం మోత మోటారుది కాదు, టైల్స్‌ది. కింద పాత యోగా మ్యాటో, రెండు డోర్‌మ్యాట్లో మడిచి వేయండి, తేడా మీకే వినిపిస్తుంది. కింది ఫ్లాటు వాళ్లకు ఇంకా బాగా వినిపిస్తుంది, అంటే వినిపించదు. ఇక అత్తయ్యగారి విషయానికొస్తే, ఆవిడ సీరియల్ టైం ఏదో కనుక్కుని దానికి అరగంట ముందే ముగించండి. పన్నెండు బొమ్మలను ఒకేసారి కడిగి, మూతలకు అంటించి వరసలో పెట్టుకుంటే ప్రైమర్ కొట్టేది నిజంగా పదిహేను నిమిషాలే.

జూన్ దాటి వానలు పడ్డాక మీ కష్టం తిరగబడుతుంది. అప్పుడు గాల్లో తడి ఎక్కువ, కంప్రెసర్ ఆ తడిని పిండి గొట్టంలోకి పంపుతుంది, ప్రైమర్ మధ్యలో నీటి చుక్కలు పడతాయి. రెగ్యులేటర్ కింద గాజు గిన్నెలా ఉండేది ఆ నీళ్లు పట్టడానికే. దాని అడుగున పిన్ను నొక్కి ఖాళీ చేస్తూ ఉండండి. ట్యాంకు ఉంటే దాని కింద ఉన్న స్క్రూ కూడా పనయ్యాక వదులుచేయండి, లేదంటే లోపల తుప్పు. గొట్టం లీకవుతుంటే మరల మీద టెఫ్లాన్ టేప్ చుట్టండి. గొట్టం గానీ, కప్లింగ్ గానీ కావాలంటే రాణిగంజ్‌లో అడగండి, కానీ పాత ముక్క జేబులో వేసుకెళ్లండి. ఎయిర్‌బ్రష్ మరలు ఎక్కువగా ఒకటిలో ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీ (పైపు మరల కొలత) సైజు. నోటితో చెబితే పావు అంగుళానిది చేతిలో పెట్టి పంపిస్తారు.

కింద నలుపు, పైన తెలుపు కొట్టడం తప్పనిసరి కాదు. నడినెత్తిన ఎండ ఉంటే నీడలు ఎక్కడ పడతాయో ముందే గుర్తుపెట్టుకోవడానికి అదొక చిట్కా. నల్లది బొమ్మంతా కొట్టి, ఆరాక బూడిద రంగు ఏటవాలుగా పైనుంచి, చివర్లో తెలుపు నిట్టనిలువుగా నెత్తి మీంచి. పల్చటి రంగులు వేసేవాళ్లకు బాగా పనికొస్తుంది. మీరు చిక్కగా రెండు పొరలు వేసే మనిషైతే ఆ కష్టమంతా కింద కప్పబడిపోతుంది. మొదటి నెల ఒక్క బూడిద రంగుతోనే కానివ్వండి. తెలుపు అన్నిటికన్నా మొండిది, త్వరగా గరుకెక్కుతుంది.

కుంచెను మాత్రం అటక ఎక్కించకండి. నెలకు నాలుగు బొమ్మలే అయితే కుంచెతో పూయడమే తెలివైన పని. నాలుగింటి కోసం ఎయిర్‌బ్రష్ తీసి, మళ్లీ కడిగి పెట్టడం, ఒక్క దోసె కోసం గ్రైండర్‌లో పప్పు రుబ్బడం లాంటిది. గుంపుగా ఉన్నప్పుడు దాన్ని తీయండి.

డ్రాగన్‌కి భయపడుతున్నారు గానీ నిజానికి మీ దగ్గరున్న బొమ్మల్లో అదే సులువు. ముఖం పెద్దది, పొలుసులు లోతు, ఒకచోట కొంచెం ఎక్కువైనా తట్టుకుంటుంది. చిన్నవి ఒక ఇరవై అయ్యాక దాని పని పట్టండి. రెక్కలు విడివిడిగా ఉంటే అతికించక ముందే ప్రైమర్ వేయండి, అతుకు పడేచోట మాస్కింగ్ టేప్ అంటించి, లేకపోతే జిగురు ప్లాస్టిక్‌కి కాకుండా ప్రైమర్‌కి అంటుకుంటుంది. ముందు పొట్ట కింద, చంకల్లో, దవడ లోపల, ఆ తర్వాతే వీపు. ముందే వీపు కొట్టేస్తే చంకల కోసం మళ్లీ మళ్లీ కొట్టడంలో వీపు మీద రంగు పేరుకుపోతుంది. ఒకటే చిక్కు, దాని బరువుకి టానిక్ మూత ఆగదు. ఆవకాయ జాడీ మూతంతది కావాలి. అత్తయ్యగారిని అడిగి తీసుకోండి, అడక్కుండా మాత్రం వద్దు.